ఏఎంసీ ఉన్నా ల్యాబ్ యంత్రాలు ఎందుకు మొరాయిస్తున్నాయి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుని మొదలుపెడతాను. మీరు ఒక మందుల తయారీ కంపెనీలో నాణ్యతా పరీక్షల ల్యాబ్‌కు కొత్తగా ఇన్‌చార్జి అయ్యారు. ఆరు హెచ్‌పీఎల్‌సీలు (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రాలు), అదే పనిని వాయు రూపంలో చేసే రెండు గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లు, బ్యాలెన్సులు, పీహెచ్ మీటర్లు, తేమను కొలిచే ఒక కార్ల్ ఫిషర్ ఉన్నాయి. అన్నిటికీ ఏఎంసీ, అంటే వార్షిక నిర్వహణ ఒప్పందం, ఉంది. ఏడాదికి రెండుసార్లు యంత్రాల కంపెనీ ఇంజనీరు వచ్చి ప్రివెంటివ్ మెయింటెనెన్స్ (చెడిపోకముందే చేసే సంరక్షణ) చేసి స్టిక్కర్ అంటించి వెళ్తున్నారు. అయినా వారం తిరిగేసరికి ఏదో ఒక యంత్రం మూలన పడుతోంది. యాజమాన్యం టీపీఎం అమలు చేయమంటోంది. ఫ్యాక్టరీల కోసం పుట్టిన పద్ధతి ల్యాబ్‌కు సరిపోతుందా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏఎంసీని ఉంచాలా తీసేయాలా అన్నవి మీ సందేహాలు.

నేను తొమ్మిదేళ్లు సర్వీస్ ఇంజనీరుగా ఊరూరా తిరిగి క్రొమటోగ్రఫీ యంత్రాలు బాగుచేశాను. ఆ తరువాత పద్నాలుగేళ్లుగా ల్యాబ్‌లోనే ఉండి, అదే ఇంజనీరు కోసం ఎదురుచూశాను. రెండు వైపులా నిలబడి చూసినవాడిగా చెబుతున్నాను: మీ యంత్రాల ఆరోగ్యం ఏఎంసీ చేతిలో లేదు. రోజూ వాటి ముందు కూర్చుని పరీక్షలు చేసే ఎనలిస్టుల చేతిలో ఉంది. ఏడాదికి రెండు రోజులు వచ్చే మనిషి, మిగిలిన 363 రోజులు జరిగినదాన్ని సరిచేయలేడు.

టీపీఎం, అంటే టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్, పుట్టిన కథలోనే ఈ మాట ఉంది. జపాన్ కంపెనీలు మొదట అమెరికా నుంచి ప్రివెంటివ్ మెయింటెనెన్స్ నేర్చుకున్నాయి. అందులో యంత్రం నడిపేవారు వేరు, సంరక్షించేవారు వేరు. టయోటాకు విడిభాగాలు చేసే నిప్పాన్‌డెన్సోలో ఆటోమేటిక్ యంత్రాలు పెరిగేకొద్దీ వాటన్నిటినీ చూసుకోవడం మెయింటెనెన్స్ విభాగానికి శక్తికి మించిన పనైంది. దాంతో రోజువారీ సంరక్షణను నడిపేవారికే అప్పగించారు. 1971 నాటికి ఇది టీపీఎం పేరుతో స్థిరపడింది. సెయిచి నకజిమా దాన్ని ఒక పద్ధతిగా మలిచి ప్రపంచానికి చెప్పారు. నడిపేవారే చేసుకునే ఆ సంరక్షణకు వాళ్ల పేరు జిషు హొజెన్. శిక్షణ తరగతుల్లో మీకు ఎనిమిది స్తంభాల గుడి బొమ్మ ఒకటి చూపిస్తారు. ల్యాబ్‌కు మొదటి ఏడాది ఈ ఒక్క స్తంభం చాలు. ఎనిమిదింటినీ ఒకేసారి ఎత్తుకున్న చోట గోడల మీద పోస్టర్లు తప్ప ఏమీ మిగలకపోవడం చూశాను.

ఫ్యాక్టరీకీ ల్యాబ్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. అది మనసులో పెట్టుకుంటేనే ఈ పద్ధతి మనకు పనికొస్తుంది. ఫ్యాక్టరీలో యంత్రం ఆగిపోవడమే పెద్ద నష్టం. ల్యాబ్‌లో ఆగిన యంత్రం వల్ల ఒక రోజు పోతుంది, అంతే. ఆగకుండా తప్పుడు అంకెలు ఇచ్చే యంత్రం వల్ల మంచి బ్యాచ్ ఓఓఎస్ (హద్దులు దాటిన ఫలితం) అవుతుంది, లేదా చెడ్డ బ్యాచ్ రోగి దాకా వెళ్తుంది. అందుకే మన దగ్గర సంరక్షణ అంటే యంత్రాన్ని నడిచేలా ఉంచడం ఒక్కటే కాదు, అది ఇచ్చే అంకెను నమ్మేలా ఉంచడం.

ఇక ఒక సంఘటన. నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఒక హెచ్‌పీఎల్‌సీ ఉండేది. రెండు నెలలకొకసారి దాని ప్రెజర్ ఊగిసలాడేది, పీక్ ఏరియాలు, అంటే ఫలితం లెక్కకట్టే శిఖరాల వైశాల్యాలు, ఇంజెక్షన్‌కూ (యంత్రంలోకి ఒకసారి శాంపిల్ పంపడం) ఇంజెక్షన్‌కూ పొంతన లేకుండా వచ్చేవి. ఇంజనీరు వచ్చి పంపు సీల్ మార్చేవారు. కొన్నాళ్లు బాగుండేది. మళ్లీ మొదటికొచ్చేది. ఆరు నెలల్లో మూడు సీళ్లు మార్చాం. అప్పుడే ఎమ్మెస్సీ పూర్తిచేసి చేరిన ఒక అబ్బాయికి టిష్యూ పేపరు, టార్చిలైటు, ఒక బీకరులో గోరువెచ్చని నీళ్లు ఇచ్చి, "ఒక గంట దీన్ని శుభ్రం చెయ్యి, ఏది కనిపించినా తుడిచేయకముందు నన్ను పిలువు" అన్నాను. ఇరవై నిమిషాలకు పిలిచాడు. "సార్, ఇక్కడ తెల్లగా ఏదో పేరుకుంది" అంటూ పంపు హెడ్ అడుగున వెలుతురు వేసి చూపించాడు. ఆవగింజంత పలుకులు, నాలుగైదు. టిష్యూ కొసతో తీసి నీళ్లలో వేస్తే కరిగిపోయాయి. ఉప్పు! మా మొబైల్ ఫేజ్‌లోని, అంటే యంత్రం గుండా పంపే ద్రావకంలోని, ఫాస్ఫేట్ బఫర్ ఉప్పు.

అక్కడి నుంచి కథంతా విడిపోయింది. సాయంత్రం షిఫ్టులో చివరి ఇంజెక్షన్ అయ్యాక, బఫర్ లోపల ఉండగానే పంపు ఆపేసి ఇంటికి వెళ్తున్నారు. పంపులో ముందుకూ వెనక్కూ కదిలే ప్లంజర్‌కు అంటిన పలుచని తడి రాత్రికి ఆరిపోయి, ఉప్పు స్ఫటికాలు మిగులుతున్నాయి. పొద్దున పంపు ఆన్ చేయగానే ఆ స్ఫటికాలు గరుకు కాగితంలా సీల్‌ను గీరుతున్నాయి. సీల్ అరిగి ద్రావకం కారుతోంది, కారిన చోట మళ్లీ ఉప్పు. సీల్ నుంచి ఊడిన తునకలు ముందుకు కొట్టుకుపోయి ఫ్రిట్ అనే సన్నని వడపోతలో ఇరుక్కుంటున్నాయి. ఇంజనీరుది తప్పు కాదు. ఆయన వస్తున్నారని తెలియగానే మేమే యంత్రాన్ని తళతళలాడేలా తుడిచి పెట్టేవాళ్లం. సాక్ష్యాన్ని మా చేతులతోనే చెరిపేసి, కారణం దొరకలేదని ఆయన మీద విసుక్కున్నాం.

జిషు హొజెన్‌లో మొదటి మెట్టు శుభ్రం చేయడం. అది అందం కోసం కాదు. చేతితో తాకుతూ, కళ్లతో వెతుకుతూ చేసే శుభ్రత అంటే తనిఖీయే. కాబట్టి ఆ పనిని హౌస్‌కీపింగ్ వాళ్లకు అప్పగించకండి. ఆ యంత్రం మీద పరీక్షలు చేసే మనిషే చేయాలి.

మీరు ఒక్క హెచ్‌పీఎల్‌సీతో మొదలుపెట్టండి. ఎక్కువగా ఏడిపించేదాన్నే ఎంచుకోండి, ఫలితం అందరికీ కనిపిస్తుంది. చివరి ఇంజెక్షన్ తరువాత అదే నిష్పత్తిలో బఫర్ బదులు మామూలు నీళ్లు కలిపిన మొబైల్ ఫేజ్‌తో కనీసం అరగంట కడగాలి. ఆ తరువాతే అసిటోనైట్రైల్ ఎక్కువగా ఉన్న ద్రావకంలో నిలవ ఉంచాలి. ఫాస్ఫేట్ ఉండగా నేరుగా శుద్ధ అసిటోనైట్రైల్ పంపితే ఉప్పు లైన్లలోనే గడ్డకడుతుంది. తొందరలో ఈ పొరపాటు అనుభవజ్ఞులు కూడా చేస్తారు. అందుకే దాన్ని మనిషి జ్ఞాపకానికి వదలకుండా, సీక్వెన్స్ (యంత్రం తానే వరుసగా చేసే ఇంజెక్షన్ల జాబితా) చివర వాషింగ్ మెథడ్‌గా రాసి పెట్టండి. యంత్రానికి సీల్ వాష్ సదుపాయం ఉంటే ఆ సీసాలో 10 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎప్పుడూ ఉండాలి. చాలా ల్యాబ్‌లలో ఆ సీసా ఎండిపోయి, అది దేనికుందో కూడా ఎవరికీ తెలియకుండా ఉంటుంది.

బఫర్ సీసాలో అడుగున మిగిలినదాని మీద కొత్తది పోయడం మాన్పించండి. నీళ్లు ఎక్కువగా ఉన్న బఫర్‌లో రెండు మూడు రోజులకే సూక్ష్మజీవులు పెరుగుతాయి. సీసా కంటికి తేటగానే ఉంటుంది, లోపలి సింకర్ ఫిల్టర్ మాత్రం జిగురు పట్టి మూసుకుపోతుంది. దాన్ని తెలుసుకోవడం తేలిక: పంపు వైపు ఇన్‌లెట్ లైను విప్పి కిందికి పట్టుకోండి. ద్రావకం తనంతట తాను ధారగా కారాలి. బొట్లు బొట్లుగా పడుతుంటే ఫిల్టర్ మార్చే సమయం వచ్చినట్టే. ఈ ఒక్క పరీక్ష తెలిసిన ఎనలిస్టు, చెక్ వాల్వ్ (ద్రావకాన్ని వెనక్కి రానివ్వని కవాటం) పోయిందని ఇంజనీరును పిలిచే సందర్భాలను చాలావరకు తప్పించగలడు.

ఇప్పుడు లాగ్‌బుక్ గురించి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. టిక్కు పెట్టే చెక్‌లిస్టు వద్దు, అంకె రాసే చెక్‌లిస్టు కావాలి. "ప్రెజర్ సరిగా ఉంది" అన్న గడిలో టిక్కు పెట్టడానికి యంత్రం వైపు చూడనక్కర్లేదు. నెలాఖరున ఒకే పెన్నుతో ముప్పై టిక్కులు పెట్టిన పుస్తకాలు నేను చూశాను. అది తనిఖీలో పట్టుబడితే డేటా ఇంటెగ్రిటీ, అంటే రికార్డుల నిజాయితీ, కింద పెద్ద తలనొప్పి. అంకె రాయాలంటే తెర మీదికి చూడాల్సిందే. ఒకే కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం), ఒకే మొబైల్ ఫేజ్, ఒకే ఫ్లో దగ్గర పొద్దుటి ప్రెజర్ ఎంత, ఎంత మేర ఊగుతోంది, ల్యాంపు ఎన్ని గంటలు వెలిగింది, ఎన్ని ఇంజెక్షన్లు అయ్యాయి: ఈ నాలుగు చాలు. ప్రెజర్ వరుసగా 142, 144, 149, 158 బార్ అని కనిపిస్తే ఎక్కడో అడ్డు పేరుకుంటోందని అర్థం. కాలమ్ ముందు రక్షణగా ఉండే గార్డ్ కాలమ్ తీసి చూడండి, తగ్గకపోతే ఇన్‌లైన్ ఫిల్టర్ చూడండి. 400 బార్ దగ్గర యంత్రం తానే ఆగిపోయేదాకా ఎందుకు ఆగాలి? అర్ధరాత్రి రెండింటికి ఆగితే ఆ సీక్వెన్స్ మొత్తం వృథా.

యాజమాన్యం మిమ్మల్ని ఓఈఈ అడుగుతుంది, అంటే యంత్రం మొత్తం పనితీరుకు లెక్క. అందుబాటు, వేగం, నాణ్యత అనే మూడింటిని గుణిస్తే వస్తుంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక హెచ్‌పీఎల్‌సీని రోజుకు 20 గంటలు నడపాలనుకున్నారు. మూడు గంటలు చెడిపోయి ఆగింది. మిగిలిన 17 గంటల్లో, ఒక్కోటి పావుగంట చొప్పున, 68 ఇంజెక్షన్లు పడాలి. ప్రెజర్ నిలకడగా వచ్చేదాకా ఆగడం వల్ల, వయల్స్ సిద్ధం కాకపోవడం వల్ల 58 పడ్డాయి. వాటిలో 6 సిస్టమ్ సూటబిలిటీ (యంత్రం ఆ పరీక్షకు తగినట్టు పనిచేస్తోందో లేదో చూసే తనిఖీ) కుదరక మళ్లీ చేయాల్సి వచ్చింది. పనికొచ్చినవి 52, అంటే 13 గంటల పని. 20 గంటలకు 13 గంటలు, 65 శాతం. బ్రేక్‌డౌన్ రిజిస్టరు మాత్రమే చూసేవారికి 85 శాతం కనిపిస్తుంది. మిగతా 20 శాతం ఎక్కడికి పోయిందో ఎవరూ అడగరు. నకజిమా ఫ్యాక్టరీలకు 85 శాతాన్ని మేలైన స్థాయిగా చెప్పారు. ఆ అంకెను ల్యాబ్‌కు లక్ష్యంగా పెట్టకండి, ఇది మనసారా చెబుతున్నాను. అంకె కోసం ఒత్తిడి పెడితే, కుదరని సూటబిలిటీని కుదిరినట్టు చూపాలనే బుద్ధి ఎవరికో ఒకరికి పుడుతుంది. మీ యంత్రం గత నెల ఎంత, ఈ నెల ఎంత అన్నది మాత్రమే చూడండి. మళ్లీ చేయాల్సి వచ్చిన ప్రతి ఇంజెక్షన్‌కూ కారణం రాయించండి. ఓఈఈ అంకె కంటే ఆ కారణాల పట్టికే మీకు ఎక్కువ పనికొస్తుంది.

"అయితే విప్పి శుభ్రం చేయడం ఎంత ఎక్కువైతే అంత మంచిదా?" అని మీ కుర్రాళ్లు అడుగుతారు. కాదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంలోని కోస్టల్ కమాండ్, జర్మన్ జలాంతర్గాములను వేటాడే లిబరేటర్ విమానాలను ప్రతి 50 గంటల ప్రయాణానికోసారి తనిఖీ చేసేది. సి.హెచ్. వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త బృందం లెక్కలు తీసి చూస్తే, తనిఖీ అయిన వెంటనే లోపాలు పెరిగి, తరువాత క్రమంగా తగ్గుతున్నాయని తేలింది. అనవసరంగా విప్పడమే కొత్త లోపాలు తెస్తోంది. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నౌలన్, హీప్ అమెరికా రక్షణ శాఖ కోసం రాసిన నివేదిక కూడా ఇదే దారిలో ఉంది: వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో వయసుతో పాటు అరిగే స్వభావం ఉన్నవి 11 శాతమే. మన ల్యాబ్‌కు దీన్ని ఇలా అన్వయించుకోండి. పంపు సీళ్లు, ఇంజెక్టర్ నీడిల్ సీటు, డ్యుటీరియం ల్యాంపు నిజంగా అరిగేవి. వీటిని తేదీని బట్టి కాకుండా వాడకాన్ని బట్టి, గంటల లెక్కన, ఇంజెక్షన్ల లెక్కన మార్చండి. డ్యుటీరియం ల్యాంపుకు చాలా కంపెనీలు 2000 గంటలు చెబుతాయి. ఆ దరిదాపులకు రాగానే బేస్‌లైన్ నాయిస్ గమనించడం మొదలుపెట్టండి. చెక్ వాల్వులు, డిటెక్టర్ ఆప్టిక్స్, ఎలక్ట్రానిక్ కార్డులు బాగా పనిచేస్తున్నంత కాలం తాకనివ్వకండి. ప్రివెంటివ్ మెయింటెనెన్స్ చేసిన ఇంజనీరు రిపోర్టు మీద సంతకం అడిగినప్పుడు, ముందు మీకు బాగా తెలిసిన స్టాండర్డ్‌తో (విలువ ముందే తెలిసిన నమూనా) ఆరు ఇంజెక్షన్లు పెట్టి, పాత ఫలితాలతో పోల్చాకే సంతకం చేయండి. ఆయనను రెండు గంటలు కూర్చోబెట్టడం మర్యాద కాదనుకోకండి.

మిగిలిన పరికరాల గురించి కొద్దిగా. పీహెచ్ ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఉంచే అలవాటు మన కాలేజీ ల్యాబ్‌ల నుంచే వస్తుంది. అది ఎలక్ట్రోడ్‌ను చంపుతుంది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాలి. రోజూ క్యాలిబ్రేషన్‌లో వచ్చే స్లోప్ శాతాన్ని, అంటే ఎలక్ట్రోడ్ ఎంత చురుగ్గా స్పందిస్తోందో చెప్పే అంకెను, రాయించండి. 98 నుంచి 96కు, 95కు జారుతుంటే కొత్తది ఆర్డర్ పెట్టడానికి మీకు కొన్ని వారాల వ్యవధి దొరికినట్టే. గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో సెప్టమ్‌ను (సూది గుచ్చే రబ్బరు బిళ్లను) ఇంజెక్షన్ల లెక్కన మార్చండి. రిటెన్షన్ టైమ్ (పదార్థం కాలమ్ దాటి బయటికొచ్చే సమయం) జరిగితే కాలమ్‌ను అనుమానించే ముందు సెప్టమ్ లీకు చూడండి. కార్ల్ ఫిషర్‌లో తేమను పీల్చే మాలిక్యులర్ సీవ్‌ను మార్చడం అందరూ మరిచిపోతారు. డ్రిఫ్ట్, అంటే శాంపిల్ లేకుండానే చూపే తేమ అంకె, పెరిగితే మొదట అదే చూడాలి.

బ్యాలెన్స్ మీద మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే ల్యాబ్‌లో ప్రతి ఫలితం అక్కడే మొదలవుతుంది. మధ్యాహ్నం పూట మాత్రమే అంకె నిలవని బ్యాలెన్స్ ఒకటి మా దగ్గర ఉండేది. పొద్దున చేసే చెక్‌లో అది ఎప్పుడూ సరిగానే ఉండేది. బల్ల పైన ఒక దారపు పోగు వేలాడదీసి చూశాం. మధ్యాహ్నం ఎండ ముదిరాక ఏసీ గాలి జోరందుకోగానే ఆ దారం బ్యాలెన్స్ వైపు ఊగింది. ఏసీ రెక్కలు పక్కకు తిప్పితే సరిపోయింది. అప్పటి నుంచి చెక్ వేయిటు పొద్దున ఒకసారి, యంత్రానికి కష్టమైన వేళ ఒకసారి పెట్టిస్తున్నాం.

ఆ దారపు పోగు నాకు నేర్పినది ఏమిటంటే, లోపం చాలాసార్లు యంత్రంలో ఉండదు, గదిలో ఉంటుంది. మన ప్రాంతంలో వేసవి అంటే నలభై దాటిన ఎండ, వోల్టేజి హెచ్చుతగ్గులు, ఎండిపోయిన ఎర్త్ పిట్. యూపీఎస్ ఉందని నిశ్చింతగా ఉంటారు కానీ ఎర్తింగ్ సంగతి చూడరు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజిని మీ ఎలక్ట్రీషియన్‌తో నెలకోసారి కొలిపించి రాయించండి. రెండు మూడు వోల్టులు దాటితే డిటెక్టర్ బేస్‌లైన్‌లో కారణం తెలియని గీతలు, ఆటోశాంప్లర్ కమ్యూనికేషన్ తెగిపోవడం లాంటివి మొదలవుతాయి. మార్చి నుంచి జూన్ దాకా ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయడం ఎవరి పనో పేరు రాసి పెట్టండి. మైక్రోబయాలజీ వైపు ఆటోక్లేవ్‌లో, వాటర్ బాత్‌లలో బోరు నీళ్లు పోయనివ్వకండి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలాచోట్ల బోరు నీళ్లు ఎంత కఠినమో మీ వంటింటి గిన్నెలే చెబుతాయి. హీటర్ మీద తెల్లటి పొర కట్టి, వేడి నీటికి అందక కాయిల్ కాలిపోతుంది.

మీది జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా నియమాలు) ల్యాబ్ కాబట్టి ఒక జాగ్రత్త. ఎనలిస్టు ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో ఎస్‌ఓపీలో, అంటే రాతపూర్వక పని విధానంలో, స్పష్టంగా ఉండాలి. శుభ్రం చేయడం, ఇన్‌లెట్ ఫిల్టర్, గార్డ్ కాలమ్, సెప్టమ్ మార్చడం ఎనలిస్టుకు. పంపు సీల్, ల్యాంపు శిక్షణ పొందిన ఒకరిద్దరికి. ఆప్టిక్స్, కార్డులు కంపెనీ ఇంజనీరుకే. సీల్ మార్చితే ఫ్లో కచ్చితత్వం చూడాలి: నిమిషానికి 1 మిల్లీలీటరు పెట్టి, 10 మిల్లీలీటర్ల వాల్యుమెట్రిక్ ఫ్లాస్కు గీత దాకా నిండడానికి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచ్‌తో కొలవండి. ల్యాంపు మార్చితే కెఫీన్ ద్రావణంతో 205, 273 నానోమీటర్ల దగ్గర శిఖరాలు వస్తున్నాయో లేదో చూడండి. ఈ చిన్న పరీక్షలను ముందే ఎస్‌ఓపీలో రాసి క్వాలిటీ అస్యూరెన్స్ వారి ఆమోదం తీసుకుంటే, ప్రతిసారీ ఛేంజ్ కంట్రోల్ (మార్పుకు అనుమతి తీసుకునే ప్రక్రియ) తెరవాల్సిన పని ఉండదు.

మనుషుల విషయం అన్నిటికంటే సున్నితం. ప్రతి యంత్రానికీ ఒక పేరు రాయండి, ఆ మనిషికి రోజుకు పదిహేను నిమిషాలు కేటాయించి షెడ్యూలులోనే చూపించండి. శాంపిళ్ల లెక్క తగ్గకుండా "దీన్ని కూడా చూసుకో" అంటే ఎవరూ చేయరు, చేయకపోవడం వాళ్ల తప్పు కాదు. లోపం బయటపెట్టిన మనిషిని మొదటి ప్రశ్నగా "ఎవరు చేశారిది?" అని అడగకండి. మా ల్యాబ్‌లో ఉప్పు పలుకులు చూపించిన ఆ అబ్బాయిని ఆ రోజు అలా అడిగి ఉంటే, తరువాతి పలుకులు టిష్యూలో చుట్టుకుని చెత్తబుట్టలోకి వెళ్లేవి.

ఇక ఏఎంసీ. తీసేయకండి, మార్చి రాయించుకోండి. మూడు నెలల మీ అంకెల పుస్తకం చేతిలో ఉంటే బేరం మీ వైపు ఉంటుంది. పిలిచిన ఎన్ని గంటల్లో వస్తారో రాస్తారు కానీ ఎన్ని గంటల్లో యంత్రాన్ని నడిపించి ఇస్తారో చాలా ఒప్పందాల్లో ఉండదు, అది రాయించండి. సీళ్లు, చెక్ వాల్వులు, ల్యాంపు, నీడిల్, నీడిల్ సీటు ఒక్కో సెట్టు మీ అల్మారాలో ఎప్పుడూ ఉండేలా చూసుకోండి, వాడినది వాడినట్టు తిరిగి నింపేలా షరతు పెట్టండి. సర్వీస్ రిపోర్టులో "సీల్ మార్చాం" అని కాకుండా "సీల్ ఎందుకు అరిగింది" అన్న గడి ఒకటి చేర్పించండి. పాత సీల్‌ను వాళ్లు తీసుకెళ్లకుండా, చిన్న కవరులో పెట్టి తేదీ వేసి లాగ్‌బుక్‌కే అంటించి వెళ్లాలని కూడా చెప్పండి.